మీ నాన్నగారి రక్షణ గురించి, అమ్మగారి నిద్ర గురించి

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారు జీవితంలో చర్చి గుమ్మం తొక్కలేదు, అలాగని అమ్మగారిని ఏ ఆదివారమూ ఆపలేదు. ఐసీయూలో ఉన్న నాలుగో రోజు మీ చెయ్యి పట్టుకుని "యేసయ్యా, నన్ను క్షమించు" అన్నారు. మర్నాడు వెంటిలేటర్ పెట్టారు, ఇక మాట లేదు. నీళ్ళలోకి దిగి బాప్తిస్మం తీసుకునే వీలు ఎక్కడుంది? భూస్థాపన అయ్యాక ఇంట్లో పెట్టుకున్న ఆదరణ కూటంలో సంఘ పెద్ద ఒకాయన "బాప్తిస్మం లేదు కాబట్టి రక్షణ లేదు" అని, అంటే నాన్నగారికి పాపక్షమాపణా పరలోకమూ లేవని, అమ్మగారి ముందే అన్నారు. అప్పటినుంచి ఆవిడ రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు, నాన్నగారి కోసం ఉపవాసాలుంటూ బీపీ మాత్రలు కూడా మానేశారు. దీనితో పాటు ఇంకో నాలుగు అడిగారు: లూథరన్ కుటుంబంలో పసితనంలోనే బాప్తిస్మం పొందిన మీవారు మళ్ళీ తీసుకోవాలా, రక్షింపబడిన తేదీ చెప్పలేకపోతే తప్పా, బొట్టూ గాజులూ తీసేయాలా, యేసు పేరే వినకుండా పోయిన మీ నాయనమ్మ సంగతేమిటి.

నేను పాస్టర్ని కాదు. రిటైరైన తెలుగు మాస్టార్ని. ముప్పై ఏళ్ళ పైనుంచి ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటి వసారాలో బైబిల్ స్టడీ నడుస్తోంది, మీరడిగినవన్నీ ఆ వసారాలో ఎవరో ఒకరు కళ్ళనీళ్ళతో అడిగినవే. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందు మాత్రల సంగతి. అమ్మగారు ఈ పూటే బీపీ మాత్ర వేసుకోవాలి. ఉపవాసం దేవునితో గడిపే సమయం, దానితో ఎవరి రక్షణనీ కొనలేం. మా స్టడీకి వచ్చే ఒకాయన ఏదో కూటంలో "రక్షణ పొందినవాడికి రోగం ఉండదు" అని విని షుగర్ మాత్రలు మానేశాడు, ఏడాది తిరక్కుండా కాలి బొటనవేలు తీసేశారు. పౌలుకి శరీరంలో ముల్లు ఉంది, మూడుసార్లు ప్రార్థించినా తీసేయబడలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు. తిమోతికి కడుపు జబ్బు ఉంటే దానికి ఏం పుచ్చుకోవాలో పౌలే ఉత్తరంలో రాశాడు. వీళ్ళెవరికీ రక్షణ లేదని అనగలమా?

ఇప్పుడు నాన్నగారి విషయం.

లూకా 23లో యేసు పక్కన సిలువ మీద ఉన్న నేరస్థుడు ఏం చేశాడు? నీళ్ళలోకి దిగలేదు, కానుక వేయలేదు, ఒక్క ఆరాధనకి వెళ్ళలేదు, చెడగొట్టినవాటిని సరిచేసుకునే టైమూ లేదు. తనకి పడ్డ శిక్ష న్యాయమేనని ఒప్పుకున్నాడు, పక్కనున్న ఆయన ఏ తప్పూ చేయలేదన్నాడు, నన్ను జ్ఞాపకం చేసుకోమన్నాడు. "నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు" అన్న జవాబు వచ్చింది. నేడు అన్నారు, చూడండి. మీ నాన్నగారు అన్న మూడు మాటల్లో కూడా ఆ ఒప్పుకోలూ ఉంది, ఆ అడగడమూ ఉంది.

ఇది చెప్పగానే ఆ పెద్దాయన "అప్పటికింకా బాప్తిస్మపు ఆజ్ఞ రాలేదు, ఆ దొంగ లెక్క వేరు" అంటారు, నాకు తెలుసు, ఎన్నోసార్లు విన్న మాటే. సరే, ఆజ్ఞ వచ్చాక జరిగింది చూద్దాం. అపొస్తలుల కార్యములు 10లో రోమా సైనికాధికారి కొర్నేలి ఇంట్లో యేసు శిష్యుడు పేతురు ఇంకా మాట్లాడుతుండగానే విన్నవాళ్ళ మీదికి పరిశుద్ధాత్మ దిగింది, నీళ్ళు ఆ తర్వాత. ఇక ఆ పెద్దాయన చూపించిన మార్కు 16:16, "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అనేది, సగంలో ఆపేయకూడదు. తర్వాతి మాటలో శిక్ష నమ్మనివాడికి అని ఉంది, బాప్తిస్మం పొందనివాడికి అని లేదు. న్యాయంగా చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తాను: ఆయన వైపు కూడా వచనాలున్నాయి, అపొస్తలుల కార్యములు 2:38, 1 పేతురు 3:21, వాటిని బట్టి బాప్తిస్మం తప్పనిసరి అని నిజాయితీగా నమ్మే సంఘాలు ఉన్నాయి. కానీ అలా నమ్మే సంఘాల్లో ఎంతో పాతదైన కథోలిక సంఘం కూడా, బాప్తిస్మం కోరుకుంటూ పాపానికి పశ్చాత్తాపపడి, అది అందకముందే చనిపోయినవాడికి ఆ కోరికే చాలునని బోధిస్తుంది.

అది నిన్నమొన్నటి మాట కాదు. 392లో రోమా చక్రవర్తి రెండో వాలెంటినియన్ కుర్రతనంలోనే చనిపోయాడు. బాప్తిస్మం ఇమ్మని మిలాన్ బిషప్ అంబ్రోస్‌కి కబురు పెట్టాడు, బిషప్ చేరేలోపే పోయాడు. బాప్తిస్మం లేకుండా పోయాడే అని అతని అక్కచెల్లెళ్ళు ఏడుస్తుంటే, సమాధి ప్రసంగంలో అంబ్రోస్ వాళ్ళతో అన్న మాటల సారం ఏమిటంటే: అతను అడిగాడు, అడిగాడు కాబట్టి పొందాడు. మీ అమ్మగారి దుఃఖం పదహారు వందల ఏళ్ళ కిందట కూడా ఒక ఇంట్లో ఉంది, ఆ ఇంటికి వెళ్ళినవాడు ఇలా ఆదరించాడు.

మన నేల మీద జరిగినది ఇంకోటి ఉంది. 1876-78 కరువు, మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవాళ్ళు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని పెట్టాడు. వాళ్ళలో బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళు వందలూ వేలూ. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదనీ, ఎవరూ ఆకలి వల్ల నీళ్ళలోకి దిగకూడదనీ ఏడాదికి పైగా ఆపేశాడు. సాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న, ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెని సంఘాల్లో గొప్పగా చెప్పుకుంటాం. నేను మాత్రం ఆ ఏడాది గురించే ఎక్కువ ఆలోచిస్తాను. కరువుతో పాటు కలరా కూడా వచ్చింది, జనం పిట్టల్లా రాలిపోయారు. నమ్మి, అడిగి, ఆగమంటే ఆగి, ఆ నదిదాకా రాకుండానే పోయినవాళ్ళు వాళ్ళలో ఉండే ఉంటారు కదా? నీళ్ళు పడకపోతే నరకమేనని నమ్మే మనిషైతే బాప్టిస్టు క్లౌ ఒక్కరోజు కూడా ఆపగలిగేవాడు కాదు.

అలాగని బాప్తిస్మం చిన్న విషయం అనుకోవద్దు. వీలుండి, ఆరోగ్యం ఉండి, చెరువు పక్కనే ఉండి "తర్వాత చూద్దాంలే" అనేవాడితో నేను ఇలా మాట్లాడను. బిడ్డ పుట్టాకే బారసాల, బారసాల చేస్తే బిడ్డ పుట్టడు, అయినా పుట్టిన బిడ్డకి పేరు పెట్టకుండా ఏ తల్లీ ఊరుకోదు. నా మట్టుకు నేను బాప్తిస్మాన్ని అలా చూస్తాను.

మీవారి విషయం ఇక్కడే చెప్పేస్తాను. గుంటూరులో 1842లో హేయర్ గారితో లూథరన్ మిషన్ మొదలైంది, ఆ పక్కనే నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు పనిచేశారు. పక్కపక్క జిల్లాలు, పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ళు, కాబట్టి మీ ఇంటి తగువు ఆ ప్రాంతంలో వంద ఇళ్ళలో ఉంటుంది. లూథరన్లు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు, కథోలికులు పసిబిడ్డకి ఇస్తారు, ఏమీ చేయలేని బిడ్డకి కూడా దేవుని కృప ముందుగా వస్తుందని వాళ్ళ భావం. కథోలికులు దాన్ని జ్ఞానస్నానం అంటారు. బాప్టిస్టులూ పెంతెకొస్తు వాళ్ళూ తన నోటితో ఒప్పుకున్నవాడికే, ముంచే ఇస్తారు, నమ్మకం ఒకరి బదులు ఇంకొకరు పెట్టలేరని వాళ్ళ భావం. రెండు వైపులా కాపాడుకోవాల్సిన నిజమే ఉంది. మీవారు బైబిల్ చదివి, మనసులో తేల్చుకుని మళ్ళీ తీసుకుంటే తీసుకోనివ్వండి, వద్దనుకుంటే బలవంతం చేయకండి. "మీ బాప్తిస్మం చెల్లదు కాబట్టి మీకు రక్షణ లేదు" అని మాత్రం ఆయనతో అనకండి. ఆ మాట మీ ఇంట్లో ఒకసారి ఎంత పని చేసిందో చూశారు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది. తెలుగు మాస్టారుగా నాకు ఆలస్యంగా తట్టిన విషయం ఇది. తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. "అన్నం నాచేత తినబడింది" అని ఎవరంటారు? అందుకే "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అనే ఎఫెసీ 2:8 చదివినప్పుడల్లా ఇదేం తెలుగు అనిపించేది. ఒక ఆదివారం బోర్డు మీద ఈ వాక్యం రాసి, కర్త ఎవరు అని పిల్లల్ని అడిగినట్టే అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒక ముసలావిడ, బడికి పోని మనిషి, "దేవుడే గదయ్యా" అంది. రక్షించుకున్నారు అని లేదు, సంపాదించారు అని లేదు, రక్షింపబడ్డారు. సహజం కాని ఆ వాక్యమే సరైనది, ఎందుకంటే జరిగిన పని కూడా మనకి సహజమైంది కాదు. ఆ రోజు నుంచీ రక్షణ గురించి ఎవరు ఏం చెప్పినా ఆ వాక్యంలో కర్త ఎవరా అని చూస్తాను. దాదాపు అపోహలన్నీ ఎక్కడో ఒకచోట దేవుణ్ణి పక్కకి జరిపి నన్ను కర్తగా కూర్చోబెడతాయి. నేను తీసుకున్న బాప్తిస్మం, నేను చెప్పిన ప్రార్థన, నేను తీసేసిన గాజులు, నేనిచ్చిన దశమభాగం.

ఆ మాటకి కాలం కూడా ఒక్కటి కాదు. ఎఫెసీలో రక్షింపబడియున్నారు, 1 కొరింథీ 1:18లో రక్షింపబడుచున్న మనకు, రోమా 5లో రక్షింపబడుదుము. భూతం, వర్తమానం, భవిష్యత్తు మూడూ ఉన్నాయి. పాపశిక్ష నుంచి విడుదల అయిపోయింది, పాపపు పట్టు నుంచి విడుదల రోజూ జరుగుతోంది, పాపం అసలు లేని చోటికి చేరడం ఇంకా ముందుంది. ఇది తెలియకే ఒకాయన "నేను రక్షింపబడ్డాను, ఇక నాలో లోపం లేదు" అంటాడు, ఇంకొకావిడ "ఇవాళ కోపం వచ్చింది, నా రక్షణ పోయిందేమో" అని టెన్షన్ పడుతుంది. పైగా గ్రీకులో రక్షించడానికీ స్వస్థపరచడానికీ సువార్తల్లో చాలాచోట్ల ఒకటే క్రియ. లూకా 7లో పాపాత్మురాలితోనూ, లూకా 8లో రక్తస్రావంతో వచ్చిన స్త్రీతోనూ యేసు అన్నది అదే మాట, మన తెలుగు బైబిల్ ఒకచోట రక్షించెను అనీ ఇంకోచోట స్వస్థపరచెను అనీ పెట్టింది. అంటే రక్షణ అనేది చచ్చాక చూపించే టికెట్ కాదు, మనిషి బాగుపడటం అందులో మొదలైపోతుంది.

తేదీ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. పౌలుకి దమస్కు దారిలో ఒక మధ్యాహ్నం ఉంది, నిజమే. కానీ తిమోతికి అమ్మమ్మ లోయి, తల్లి యునీకే ఇచ్చిన విశ్వాసం ఉంది, తేదీ ఎక్కడా రాయలేదు. ఫిలిప్పీలో ఒకే అధ్యాయంలో చెరసాల నాయకుడికి భూకంపం కావాల్సి వచ్చింది, ఊదారంగు అమ్ముకునే లూదియకి నది ఒడ్డున వింటుండగా ప్రభువు హృదయం తెరిచాడు, చప్పుడే లేదు. చిన్నప్పటినుంచి ఆ ఇంట్లో పెరిగిన మీకు తేదీ గుర్తులేకపోతే పోయేదేమీ లేదు. ఇవాళ ఆయన్ని నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న. అలాగే చేతులెత్తి పాస్టర్‌గారి వెనకాల చెప్పే ప్రార్థన మంచిదే కావచ్చు, కానీ ఆ ప్రార్థన వాక్యం వాక్యంగా బైబిల్లో ఎక్కడా లేదు, చెప్పగానే పనిచేసే మంత్రం కాదది. యేసు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికెళ్ళాడు.

"మరి నమ్మితే చాలా, ఎలా బతికినా పర్లేదా?" అని మీ తమ్ముడు ఎగతాళి చేశాడన్నారు. ఇది పౌలునే అడిగారు, రోమా 6 మొదట్లోనే ఉంది, ఆయన అట్లనరాదు అని కొట్టిపారేశాడు. యాకోబు పత్రికా పౌలూ కొట్టుకుంటున్నారని అనిపిస్తుంది గానీ వాళ్ళు మాట్లాడేది ఇద్దరు వేర్వేరు మనుషులతో. పుణ్యం మూటగట్టుకుని దేవుడి దగ్గరికి వచ్చేవాడితో పౌలు మాట్లాడతాడు. ఆకలితో ఉన్న సహోదరుడికి ముద్ద పెట్టకుండా "సమాధానంగా వెళ్ళు" అని పంపించేవాడితో యాకోబు మాట్లాడతాడు. ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు: నమ్మడం ఆదికాండం 15లో, ఇస్సాకుని అర్పించబోవడం 22లో. మధ్యలో ఏళ్ళు గడిచాయి. జక్కయ్య సగం ఆస్తి బీదలకి ఇస్తానన్నది యేసు అతని ఇంటికి వచ్చాక. రమ్మనడానికి లంచంగా ఇవ్వలేదు.

ఇందులోనే ఇంకో అపోహ. కథోలికులు క్రియలతో రక్షణ అంటారనీ, మనం కృప అంటామనీ మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. 1517 నుంచి దీని మీద పెద్ద గొడవే జరిగింది, కాదనను. కానీ లూథరుకి జవాబుగా కూర్చున్న ట్రెంట్ మహాసభే 1547లో, కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చనేవాణ్ణి తప్పుపట్టింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కథోలికులూ కలిసి, మన అర్హత వల్ల కాదు కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. తేడాలు ఇంకా ఉన్నాయి, ఉత్తరించు స్థలం (చనిపోయాక ఆత్మ శుద్ధి పొందే చోటు), పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) లాంటివి. కానీ పక్కింటి కథోలిక అక్కతో "మీకు కృప తెలియదు" అనడం అన్యాయం.

బొట్టూ గాజులూ. మన ప్రాంతంలో చాలా సంఘాల్లో అవి తీసేయడం ఒక సాక్ష్యం అయింది, ఇష్టపడి తీసేసినవాళ్ళని నేను గౌరవిస్తాను, మా ఇంట్లోనూ ఉన్నారు. కానీ "తీసేస్తేనే రక్షణ" అన్న క్షణాన అది గలతీయ సంఘంలో సున్నతి లాంటిదైపోతుంది. యేసుని నమ్మండి, దానితో పాటు ఇది కూడా అన్నవాళ్ళ మీద పౌలుకి వచ్చినంత కోపం ఇంకెక్కడా కనపడదు. మీ మనస్సాక్షి ఏమంటుందో చూసుకోండి, అత్తగారిని నొప్పించకుండా చూసుకోండి. అంతకు మించి నేను చెప్పను.

నాయనమ్మగారి గురించి. "మరి ఎవనివలనను రక్షణ కలుగదు" అనే అపొస్తలుల కార్యములు 4:12ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, దాన్ని పలుచన చేయను. కానీ ఆ వచనం రక్షించేది ఎవరో చెప్తోంది, ఆయన చెయ్యి ఎంతదూరం వెళ్తుందో కొలిచి మనకి ఇవ్వలేదు. తమ తప్పు లేకుండా సువార్త తెలియక, దేవుణ్ణి మనస్ఫూర్తిగా వెతికినవాళ్ళు రక్షణ పొందగలరని కథోలిక సంఘం 1964లో రెండో వాటికన్ సభలో చెప్పింది. ప్రొటెస్టెంట్లలో ఒప్పుకునేవాళ్ళూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నేను అబ్రాహాము అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోతాను: సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా? నాయనమ్మగారిని మీకన్నా ఆయన ఎక్కువ ఎరుగు.

చివరగా, రక్షణ పోతుందా పోదా అన్నది. నాలుగు వందల ఏళ్ళుగా పోదనే కాల్విన్ వైపువాళ్ళూ పోవచ్చనే ఆర్మీనియస్ వైపువాళ్ళూ వాదించుకుంటున్నారు, యోహాను 10:28 ఒక చేతిలో, హెబ్రీ 6 ఇంకో చేతిలో. నేను రెండూ చదువుతాను. తెలిసి తెలిసి వదిలేసి వెళ్ళేవాడికి హెబ్రీ పత్రిక వినిపిస్తాను, పోయిందేమో అని వణికేవాడికి యోహాను వినిపిస్తాను.

మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆఖరి మూడేళ్ళు ఆవిడకి మతిమరుపు జబ్బు. నన్ను "మాస్టారూ" అని పిలిచేది, కొడుకునని తెలియదు. పరలోక ప్రార్థన మొదలుపెట్టి రెండో మాట దగ్గర ఆగిపోయేది, తర్వాత అదీ పోయింది. "మతి లేనప్పుడు విశ్వాసం ఉన్నట్టా?" అని మాకూ ఒకరు అన్నారు. కానీ ఆవిడ జీవితమంతా ఆదివారం పొద్దున్నే కానుక నోటు మడిచి కొంగుకి ముడేసుకునేది. ఏమీ గుర్తులేని రోజుల్లో కూడా ఆ వేళ్ళు కొంగు చివర పట్టుకుని, లోపల ఏమీ లేకపోయినా, మడిచి ముడేసేవి. విప్పేవి, మళ్ళీ వేసేవి. నేను పక్కన కూర్చుని యోహాను 10:28 చదివేవాణ్ణి, "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అని. అక్కడ కర్త ఎవరో నాకు అప్పుడు పుస్తకంలో వెతకాల్సిన పని లేకపోయింది.

ఆ పెద్దాయనతో తగువు పెట్టుకోకండి. పాస్టర్‌గారిని ఒకసారి ఇంటికి పిలిచి, కొర్నేలి అధ్యాయం అమ్మగారి ముందు చదవమనండి. అమ్మగారికి ఈ రాత్రి అన్నం పెట్టి, మాత్ర ఇచ్చి, లూకా 23లో 39 నుంచి 43 దాకా మీరే చదివి వినిపించండి, ఐదు వచనాలే. తర్వాత నాన్నగారు మీ చెయ్యి పట్టుకుని అన్న మాటలు ఆవిడకి ఇంకోసారి చెప్పండి. ఆ సమయంలో గదిలో ఉన్నది మీరొక్కరే, ఆవిడ ఆ మాటలు వినలేదు.